ఎగిరే ఉద్యోగానికి ఏ దేశపు చట్టం?

బెల్జియంలోని షార్లెరువా విమానాశ్రయంలో సిబ్బంది గది ఒకటి ఉంది. 2010 ప్రాంతంలో ఐర్లండ్‌కు చెందిన చౌక విమాన సంస్థ ర్యాన్‌ఎయిర్ విమానాల్లో పనిచేసిన కొందరు క్యాబిన్ ఉద్యోగులకు పని అక్కడే మొదలయ్యేది, అక్కడే ముగిసేది. వాళ్లు ఎక్కే విమానాలు నిలిచి ఉండేదీ ఆ విమానాశ్రయంలోనే. గంటలోపు అక్కడికి చేరుకోగలిగే దూరంలోనే నివాసం ఉండాలని కాంట్రాక్టులో షరతు. అంటే అద్దె కట్టేది బెల్జియంలో, కూరగాయలు కొనేది బెల్జియంలో, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లేదీ బెల్జియంలోనే. అదే కాంట్రాక్టులో ఇంకో మాట కూడా ఉండేది. విమానం ఐర్లండ్‌లో నమోదైంది కనుక అందులో చేసే పని ఐర్లండ్‌లో చేసినట్టే లెక్క అని. జీతం ఐర్లండ్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పేచీ వస్తే ఐర్లండ్ కోర్టుకే వెళ్లాలి, ఐర్లండ్ చట్టమే వర్తిస్తుంది.

ఆ ఉద్యోగుల్లో పోర్చుగల్, స్పెయిన్, బెల్జియం దేశాల వాళ్లు ఉన్నారు. కొందరిని కంపెనీ నేరుగా తీసుకుంది. మరికొందరిని క్రూలింక్ అనే ఐర్లండ్ ఏజెన్సీ తీసుకుని ర్యాన్‌ఎయిర్ విమానాలు ఎక్కించింది. ఒకే విమానంలో, ఒకే నడవాలో, ఒకే ట్రాలీని చెరోవైపు పట్టుకుని నెట్టే ఇద్దరికి యజమానులు వేర్వేరు కావచ్చు. ఐర్లండ్ గడ్డ మీద ఒక్కరోజు కూడా పనిచేయని మనిషి ఐర్లండ్ ఉద్యోగి ఎలా అవుతాడు? సరిహద్దులు దాటే చౌక విమాన సంస్థలతో కార్మిక సంఘాలు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పోరాటానికి మూలం ఈ ప్రశ్నే. జీతాల పెంపు, సెలవులు, రోస్టర్లు అన్నీ దీని తరువాతే వస్తాయి.

చౌక టికెట్టు మోసమేమీ కాదు. ఒకే రకం బోయింగ్ 737 విమానాలు, దిగిన 25 నిమిషాల్లో మళ్లీ ఎగరడం, రద్దీ లేని చిన్న విమానాశ్రయాలు, ఏజెంటు లేకుండా నేరుగా అమ్మకం, ఇవన్నీ నిజంగా ఖర్చు తగ్గించాయి. డబ్లిన్‌లోనో బెర్లిన్‌లోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి సెలవు దొరికితే ఇరవై ముప్ఫై యూరోలతో మరో దేశం చూసి రాగలుగుతున్నాడంటే అది ఈ పద్ధతి పుణ్యమే. కానీ ఖర్చు తగ్గించిన మార్గాల్లో ఇంకొకటి ఉంది. ఏ దేశంలో యజమాని కట్టాల్సిన సామాజిక భద్రత వాటా తక్కువో, ఏ దేశపు చట్టం యాజమాన్యానికి సడలింపు ఇస్తుందో చూసుకుని ఆ దేశపు కాగితం మీద మనిషిని నియమించుకోవడం. మొదటి రకం పొదుపు ఇంజినీరింగు, నిర్వహణ. రెండోది ఉద్యోగి జేబులోంచి, అతను నివసించే దేశపు ఖజానాలోంచి తీసుకున్నది. టికెట్టు మీద ఈ రెండూ కలిసిపోయి ఒకే అంకెగా కనిపిస్తాయి. విడదీసి చూపించడమే యూనియన్లు చేయాల్సి వచ్చిన మొదటి పని.

దీనికి తలుపు తెరిచింది 1987 నుంచి 1992 దాకా మూడు విడతలుగా వచ్చిన ఐరోపా విమానయాన సరళీకరణ. 1993 జనవరి నుంచి ఏ సభ్యదేశపు లైసెన్సు ఉన్నా ఐరోపా సమాఖ్య (ఈయూ)లో దేశాల మధ్య ఏ మార్గంలోనైనా విమానం నడపవచ్చు. 1997 ఏప్రిల్ నుంచి ఇంకో దేశంలోని రెండు నగరాల మధ్య కూడా నడపవచ్చు. విమానాలకు ఉమ్మడి మార్కెట్టు వచ్చింది. కార్మిక చట్టాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశం దగ్గరే ఉండిపోయాయి. సమ్మె హక్కు ఎలా వాడుకోవాలి, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, సంఘీభావ సమ్మె చెల్లుతుందా లేదా అన్నవి దేశదేశానికీ మారతాయి.

ఒకే దేశపు చట్టం కింద అయితే దారి ఎంత సూటిగా ఉంటుందో మన దగ్గరి ఉదాహరణ చెబుతుంది. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్దసంఖ్యలో ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. కంపెనీ పాతికమంది దాకా తొలగించింది. ఢిల్లీలో ప్రధాన లేబర్ కమిషనర్ ఎదుట రెండు పక్షాలూ కూర్చున్నాయి. తొలగింపులు రద్దయ్యాయి, ఉద్యోగులు విధుల్లో చేరారు. న్యాయం పూర్తిగా జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. కనీసం తలుపు తట్టడానికి ఒక ఆఫీసు ఉంది. షార్లెరువా ఉద్యోగి విషయంలో ఆ ఆఫీసు ఏ దేశంలో ఉందో తేల్చుకోవడానికే ఏళ్లు పట్టింది.

ఇలా దేశానికో చట్టం ఉండటం కంపెనీకి ఎంత అనుకూలమో సమ్మె రోజున తెలుస్తుంది. 2018 ఈస్టర్ రోజుల్లో పోర్చుగల్‌లోని ర్యాన్‌ఎయిర్ క్యాబిన్ సిబ్బంది మూడు రోజులు సమ్మె చేశారు. ఇతర దేశాల్లోని బేస్‌ల నుంచి, అంటే విమానాలు, సిబ్బంది ఉండే స్థావరాల నుంచి, మనుషులను రప్పించి విమానాలు నడిపించే ప్రయత్నం జరిగింది. కార్ఖానాలో సమ్మె అయితే గేటు దగ్గర నిలబడి లోపలికి వెళ్లేవారిని ఆపి మాట్లాడవచ్చు. ఇక్కడ బదులుగా వచ్చే మనిషి విమానంలోనే వస్తాడు, విమానంలోనే వెళ్లిపోతాడు. అతనిది వేరే భాష, వేరే కాంట్రాక్టు. తాను ఒక సమ్మెను విఫలం చేస్తున్నానని అతనికి తెలియకపోవచ్చు కూడా.

ఈ చిక్కుముడిని గట్టిగా పట్టుకున్న దేశాల్లో డెన్మార్క్ ఒకటి. అక్కడ చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు. యూనియన్లు, యాజమాన్యాలు కూర్చుని రాసుకున్న ఒప్పందాలే జీతాలను నిర్ణయిస్తాయి. ఎవరైనా యజమాని ఒప్పందానికి రానంటే ఇతర రంగాల యూనియన్లు అతని పని చేయడం మానేయవచ్చు. 2015 మార్చిలో ర్యాన్‌ఎయిర్ కోపెన్‌హాగన్‌లో బేస్ తెరిచింది. డెన్మార్క్ ఒప్పందం మీద సంతకం చేయాలని విమాన సిబ్బంది యూనియన్ అడిగింది. మావి ఐర్లండ్ కాంట్రాక్టులు, మీకు సంబంధం లేదని కంపెనీ జవాబిచ్చింది. మున్సిపల్ ఉద్యోగులు అధికారిక ప్రయాణాలకు ర్యాన్‌ఎయిర్ వాడరాదని కోపెన్‌హాగన్ మేయర్ ఫ్రాంక్ యెన్సెన్ నిర్ణయించారు. ఆయన్ని ఎగతాళి చేస్తూ కంపెనీ ప్రకటనలు వేసింది. వ్యవహారం డెన్మార్క్ లేబర్ కోర్టుకు చేరింది. యూనియన్ల సమ్మె, దానికి మద్దతుగా ఇతర సంఘాల చర్య రెండూ చట్టబద్ధమేనని 2015 జులై 1న కోర్టు తేల్చింది.

సామాన్లు ఎత్తేవారు, ఇంధనం నింపేవారు చేతులు కట్టుకుంటే విమానం కదలదు. ఆ స్థితి రాకముందే ర్యాన్‌ఎయిర్ కోపెన్‌హాగన్ బేస్ మూసేసి విమానాన్ని లిథువేనియాలోని కౌనస్‌కు తరలించింది. కోపెన్‌హాగన్‌కు సర్వీసులు ఆగలేదు. బయటి బేస్‌లలో రాత్రి నిలిచిన విమానాలు పొద్దున వచ్చి, ప్రయాణికులను ఎక్కించుకుని వెళ్లిపోయాయి. డెన్మార్క్ యూనియన్ తన గడ్డ మీది నియమాన్ని కాపాడుకుంది, ఆ నియమం వర్తించే ఉద్యోగాలు మాత్రం అక్కడ మిగల్లేదు. దీన్ని గెలుపని కొందరు, ఓటమని కొందరు అన్నారు. ఒక దేశపు యూనియన్ ఒంటరిగా ఎంత బలంగా ఉన్నా ఎంతవరకు వెళ్లగలదో ఈ కేసు కొలిచి చూపించిందన్నది మాత్రం నిజం. విమానానికి చక్రాలే కాదు రెక్కలూ ఉన్నాయి. పట్టుకోవాల్సింది విమానాన్ని కాదు, ఉద్యోగి నిలబడిన నేలను.

ఆ పని షార్లెరువా ఉద్యోగులే చేశారు. బెల్జియం యూనియన్ సీఎన్‌ఈ వెనుక నిలిస్తే ఆరుగురు ఉద్యోగులు బెల్జియం లేబర్ కోర్టుకు వెళ్లారు. ఈ వివాదం తమ పరిధిలోకి రాదని కింది కోర్టు చెప్పింది. అప్పీలు విన్న మాన్స్ లేబర్ కోర్టు లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానాన్ని వివరణ అడిగింది. 2017 సెప్టెంబర్ 14న జవాబు వచ్చింది. ఉద్యోగి ఎక్కడి నుంచి పనికి బయల్దేరుతున్నాడు, పని ముగిశాక ఎక్కడికి తిరిగి వస్తున్నాడు, ఆదేశాలు ఎక్కడ అందుకుంటున్నాడు, విమానాలు ఎక్కడ నిలిచి ఉంటున్నాయి అన్నవి చూడాలని కోర్టు చెప్పింది. ఇవి తేల్చడంలో హోమ్ బేస్‌కు, అంటే ఉద్యోగి డ్యూటీ మొదలై ముగిసే చోటుగా కంపెనీ కేటాయించిన విమానాశ్రయానికి, చాలా ప్రాధాన్యం ఉంటుందని, విమానం ఏ దేశంలో నమోదైందన్నది పని చేసే చోటుతో సమానం కాదని స్పష్టం చేసింది. వివాదం రాకముందే ఫలానా దేశపు కోర్టుకే వెళ్తానని ఉద్యోగి చేత రాయించుకున్న షరతు అతన్ని కట్టిపడేయదని కూడా చెప్పింది.

గమనించాల్సింది ఏమిటంటే, హోమ్ బేస్ యూనియన్లు కొత్తగా పుట్టించిన మాట కాదు. సిబ్బంది అలసిపోయి ప్రమాదాలు జరగకుండా డ్యూటీ గంటలు, విశ్రాంతి గంటలు లెక్కించడానికి విమాన భద్రతా నియమాల్లో ఉన్న మాట అది. ప్రతి ఉద్యోగికీ ఒక హోమ్ బేస్ ఉందని కంపెనీయే రాసి ఇవ్వాలి. 2012 నుంచి ఈయూ సామాజిక భద్రత నియమాలు కూడా దీన్నే ఆధారం చేసుకున్నాయి. భద్రత కోసం షార్లెరువా అని రాసిన కంపెనీ జీతం దగ్గరికి వచ్చేసరికి డబ్లిన్ అనడం ఎలా కుదురుతుంది? ఏ ఎండకా గొడుగు పట్టే ఈ పద్ధతిని కంపెనీ సొంత కాగితాలతోనే నిలదీయగలగడం యూనియన్ల వాదనలోని అసలు బలం.

తీర్పు వచ్చిన మర్నాడే ఊహించనిది జరిగింది. రాబోయే ఆరు వారాల్లో రోజుకు 40 నుంచి 50 విమానాలు రద్దు చేస్తున్నట్టు ర్యాన్‌ఎయిర్ ప్రకటించింది. సెలవుల సంవత్సరాన్ని ఏప్రిల్–మార్చి నుంచి జనవరి–డిసెంబర్‌కు మార్చే క్రమంలో పైలట్ల సెలవులన్నీ కొద్ది నెలల్లోకి వచ్చి పడ్డాయి. నడిపేవాళ్లు చాలలేదు. రెండు వారాల్లోపే శీతాకాలపు సర్వీసుల్లో మరో 18,000 విమానాలు తగ్గించారు. మొత్తం మీద 7 లక్షల మందికి పైగా ప్రయాణికుల ప్రయాణాలు తారుమారయ్యాయి. సెలవులు వదులుకుంటే కెప్టెన్లకు 12,000 యూరోల దాకా బోనస్ ఇస్తామని కంపెనీ ముందుకొచ్చింది. చాలా బేస్‌ల పైలట్లు వద్దన్నారు.

డబ్బు వద్దనడం వెనుక పెద్ద విషయమే ఉంది. అప్పటిదాకా ర్యాన్‌ఎయిర్ యూనియన్లతో మాట్లాడేది కాదు. ఒక్కో బేస్‌లో ఉద్యోగుల ప్రతినిధి మండలి అని ఒకటి ఉండేది, బేరం దానితోనే. ఎనభైకి పైగా బేస్‌లు, ఎవరి బేరం వాళ్లది. ఒకచోట ఒప్పుకుంటే పక్క బేస్ మీద ఒత్తిడి పెరుగుతుంది. బేరమంటూ జరిగితే అన్ని బేస్‌ల తరఫునా ఒక్కసారే జరగాలని పైలట్లు పట్టుబట్టారు. ఫోన్లలో, ప్రైవేటు గ్రూపుల్లో డబ్లిన్ పైలట్ రాసింది రోమ్ పైలట్ అదేరోజు చదివాడు. ఇటలీలో, ఐర్లండ్‌లో, జర్మనీలో సమ్మె హెచ్చరికలు ఒకేసారి వచ్చాయి. క్రిస్మస్ దగ్గర పడుతోంది. 2017 డిసెంబర్ 15న, మూడు దశాబ్దాల చరిత్రలో మొదటిసారి, యూనియన్లను గుర్తించడానికి సిద్ధమని కంపెనీ ప్రకటించింది. ఆ రోజు షేరు ధర 8 శాతం దాకా పడింది. యూనియన్ గుర్తింపు విలువ ఎంతో మదుపరులకు అంత త్వరగా అర్థమైంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పైలట్ల గెలుపులో ఐక్యత ఎంత ఉందో, పైలట్ల కొరత అంత ఉంది. శిక్షణ పొందిన పైలట్‌కు ఆ ఏడాది వేరే కంపెనీల తలుపులు తెరిచి ఉన్నాయి. కొన్ని వారాల శిక్షణతో విమానం ఎక్కే క్యాబిన్ ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. గాల్లో ఉన్న గంటలకే జీతంలో ఎక్కువ భాగం లెక్కగట్టే పద్ధతి, సెలవు పెడితే పడే కోత, ఏజెన్సీ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో అన్న భయం వాళ్లవి. అందుకే 2018 వేసవి మీద వాళ్ల ముద్ర పడటం పైలట్ల గెలుపు కన్నా పెద్ద విషయం.

ఆ జులై మొదట్లో వివిధ దేశాల క్యాబిన్ సిబ్బంది ప్రతినిధులు డబ్లిన్‌లో కలిశారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్, దాని ఐరోపా సోదర సంస్థ ఈటీఎఫ్ ఏర్పాటు చేసిన సమావేశమది. 34 డిమాండ్లతో ఒక పత్రం తయారైంది. నివసించే దేశపు చట్టం కింద కాంట్రాక్టు కావాలి, ఏజెన్సీ ఉద్యోగికీ నేరుగా చేరిన ఉద్యోగికీ తేడా ఉండకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. జులై 25, 26 తేదీల్లో స్పెయిన్, పోర్చుగల్, బెల్జియం సిబ్బంది, 25న ఇటలీ సిబ్బంది సమ్మె చేశారు. దాదాపు 600 విమానాలు రద్దయ్యాయి. ఆగస్టు 10న జర్మనీ, ఐర్లండ్, స్వీడన్, బెల్జియం, నెదర్లాండ్స్ పైలట్లు ఒకేరోజు దిగడంతో 400 విమానాలు నిలిచాయి. సెప్టెంబర్ 28న ఆరు దేశాల క్యాబిన్ సిబ్బంది మళ్లీ దిగారు. అప్పట్లో రోజుకు 2,400 విమానాలు నడిపిన కంపెనీకి ఈ అంకెలు ప్రాణాంతకమేమీ కావు. కానీ పోర్చుగల్‌లో సమ్మె అయితే ఇంకో దేశం నుంచి సిబ్బందిని రప్పించే పాత ఉపాయం పనిచేయడం కష్టమైంది. పిలవాల్సిన చోట కూడా సమ్మే.

ఒక్కో దేశంలో చట్టం వేరు కనుక తేదీ కుదర్చడానికే పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. ఒకచోట నోటీసు గడువు, ఇంకోచోట ఓటింగు తప్పనిసరి, మరోచోట కనీస సేవలు నడపాలన్న ప్రభుత్వ ఆదేశం. ఉమ్మడి సమ్మె అంటే నిజానికి ఆరు దేశాల్లో ఆరు సమ్మెలు పక్కపక్కనే పెట్టుకోవడం.

శరదృతువు వచ్చేసరికి ఫలితం కనబడింది. ఇటలీ, జర్మనీ, పోర్చుగల్‌లలో స్థానిక చట్టం వర్తించే ఒప్పందాలు కుదిరాయి. ఈయూ చట్టాన్ని పాటించడం కార్మికులు బేరమాడి సాధించుకోవాల్సిన విషయం కాదని అప్పటి ఈయూ కమిషనర్ మారియాన్ టిస్సెన్, ర్యాన్‌ఎయిర్ అధిపతి మైకేల్ ఓలియరీకి చెప్పారు. ఆ మాట ఎంత సబబో, ఏడాది ముందే ఎవరూ ఎందుకు అనలేదన్న ప్రశ్న కూడా అంతే సబబు.

ఇల్లు అలకగానే పండుగ కాలేదు. సెప్టెంబర్ సమ్మె జరిగిన మూడో రోజున నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్, జర్మనీలోని బ్రెమెన్ బేస్‌లు మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఐంధోవెన్ పైలట్లను బలవంతంగా వేరే దేశానికి బదిలీ చేయకూడదని డచ్ కోర్టు అడ్డుకుంది గానీ బేస్ మాత్రం మూతపడింది. పోలాండ్‌లో అనుబంధ కంపెనీ పెట్టి, క్యాబిన్ సిబ్బందిని స్వయం ఉపాధి కాంట్రాక్టుల వైపు నెట్టారు. స్వయం ఉపాధి అంటే కాగితం మీద ఆ ఎయిర్ హోస్టెస్ ఒక వ్యాపారి. వ్యాపారికి యూనియన్ ఏమిటి, సమ్మె ఏమిటి అన్నది వాదన. తరువాత మాల్టా ఎయిర్, లౌడా అనే విమాన సంస్థలు కూడా ర్యాన్‌ఎయిర్ సమూహంలో చేరాయి. విమానం మీది రంగు మారితే బేరమాడే యజమాని పేరు కూడా మారుతుంది. ఒక గుమ్మం మూసేలోపు ఇంకో గుమ్మం తెరుచుకుంటోంది.

న్యాయస్థానాలు కూడా ఎప్పుడూ కార్మికుల వైపే నిలవలేదు. 2007 డిసెంబర్‌లో ఫిన్లండ్ ఓడల కంపెనీ వైకింగ్ లైన్ కేసులో అదే ఐరోపా న్యాయస్థానం రెండు మాటలు కలిపి చెప్పింది. సమ్మె ప్రాథమిక హక్కే. కానీ కంపెనీ మరో దేశంలో వ్యాపారం పెట్టుకునే స్వేచ్ఛకు ఆ సమ్మె అడ్డయితే, దానికి తగిన కారణముందని, మోతాదు మించలేదని యూనియన్ నిరూపించుకోవాలి. ఈ రెండో మాట ఎంత పదునైనదో మరుసటి ఏడాదే తెలిసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఓపెన్‌స్కైస్ పేరుతో అనుబంధ సంస్థను పెట్టినప్పుడు బ్రిటన్ పైలట్ల సంఘం బాల్పా సమ్మెకు సభ్యుల ఓటు తీసుకుంది. వైకింగ్ తీర్పును చూపించి భారీ నష్టపరిహారం అడుగుతామని కంపెనీ అనేసరికి, సంఘం దివాలా తీస్తుందన్న భయంతో బాల్పా వెనక్కి తగ్గింది. ఒక్క విమానం కూడా ఆగలేదు. కోర్టు ఖర్చు భయమే సమ్మెను ఆపింది. ఆ తీర్పు నేటికీ పుస్తకాల్లో ఉంది.

నష్టపరిహారం కత్తి రెండోవైపు కూడా తెగుతుంది. విమానం రద్దయితే దూరాన్ని బట్టి ప్రయాణికుడికి 250 యూరోలు, అంతకు మించి కూడా చెల్లించాలని ఈయూ నియమం. అసాధారణ పరిస్థితులైతే మినహాయింపు ఉంది. 2018 సమ్మెలు అసాధారణమేనని, కనుక చెల్లించబోమని ర్యాన్‌ఎయిర్ వాదించింది. 2021 మార్చిలో స్కాండినేవియా దేశాల విమాన సంస్థ ఎస్‌ఏఎస్‌కు సంబంధించిన కేసులో ఐరోపా న్యాయస్థానం దీన్ని తేల్చింది. జీతాల కోసం, పని పరిస్థితుల కోసం సొంత సిబ్బంది యూనియన్ చట్టప్రకారం చేసే సమ్మె విమాన సంస్థ నిర్వహణలో మామూలు భాగమేనని, పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. 2018 ప్రాంతంలో సగటు టికెట్టు 40 యూరోలలోపు ఉన్న కంపెనీకి ఒక్కో సీటుకు 250 యూరోల బిల్లు అంటే ఏమిటో లెక్క వేసుకోవచ్చు. 189 సీట్ల విమానం నిండుగా ఉంటే ఒక్క ప్రయాణానికే 47,000 యూరోలు దాటుతుంది. సమ్మె తెచ్చే నష్టాన్ని అత్యంత చౌక సంస్థకే అత్యంత ఖరీదు చేసింది ఈ తీర్పు. ఇది యూనియన్లు వేసిన దావా కాదు, ప్రయాణికుడి హక్కు కోసం నడిచిన వ్యాజ్యం. సమ్మె వార్తల్లో ఎప్పుడూ ఎదురెదురుగా నిలబెట్టే ప్రయాణికుడు, ఉద్యోగి ఇక్కడ ఒకే పక్షానికి వచ్చారు.

ఓడల చరిత్ర తెలిసినవారికి ఇదంతా కొత్త కాదు. యజమాని ఒక దేశంలో, ఓడ నమోదు, దాని మీది జెండా పనామాదో లైబీరియాదో, నావికులు మరెక్కడి వారో అన్న ఏర్పాటు మీద ఐటీఎఫ్ 1948లోనే ఉద్యమం మొదలుపెట్టింది. విమానాలకూ అదే గతి పడుతుందన్న భయంతోనే నార్వే చౌక విమాన సంస్థ నార్వేజియన్ ఎయిర్ ఐర్లండ్‌లో అనుబంధ సంస్థ పెట్టి అమెరికాకు సర్వీసులు నడుపుతానన్నప్పుడు అట్లాంటిక్‌కు రెండువైపులా ఉన్న పైలట్ల సంఘాలు కలిసి అడ్డుపడ్డాయి. మూడేళ్లు అనుమతి ఆగింది. 2016 డిసెంబర్‌లో అమెరికా రవాణా శాఖ అనుమతి ఇచ్చేసింది. అమెరికా, ఈయూల మధ్య ఉన్న విమానయాన ఒప్పందంలో కార్మిక ప్రమాణాల గురించి మంచి మాటలున్నా, అనుమతి నిరాకరించడానికి అవి చాలవని ఆ శాఖ భావించింది.

అందుకే ఐరోపా పైలట్ల సమాఖ్య ఈసీఏ, ఈటీఎఫ్ ఇప్పుడు సమ్మెలతో పాటు ఒక చట్టం చుట్టూ తిరుగుతున్నాయి. విమాన సంస్థలకు లైసెన్సులిచ్చే 2008 నాటి ఈయూ నిబంధనలో హోమ్ బేస్ అన్న మాటను చేర్చాలని, హోమ్ బేస్ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కార్మిక చట్టం, సామాజిక భద్రత చట్టం వర్తించాలని, విమాన సిబ్బందిని స్వయం ఉపాధి పేరుతో పెట్టుకోకూడదని వాటి కోరిక. షార్లెరువా సిబ్బంది గదికి రోజూ వచ్చిపోయినవారు కోర్టులో అడిగింది కూడా ఇదే. మా ఇల్లు ఇక్కడుంది, మా విమానం ఇక్కడుంది, మా చట్టం కూడా ఇక్కడే ఉండాలని.